మృతుని గుట్టు

మనుష్యుడు లోకమును విడిచిపోవునప్పుడు వెనుక మూడింటిని మిగిల్చిపోవుచున్నాడు. ఆస్తి యొకటి, అప్పు యొకటి, గుట్టు యొకటి. వీనిలో మొదటి రెంటినిగూర్చియు మన పెద్దలు మిక్కిలి శ్రమపడి విచారించిరి. తండ్రిసొత్తును బిడ్డ లే రీతిని పంచుకొనవలయునో, తండ్రియప్పును కొడుకు లెంతవఱకు తీర్పవలయునో విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో వివరించెను. దానిని కేతన పదుమూడవ శతాబ్దమునందే విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. మూడవదానినిగూర్చి విచారింపవలసిన యక్కఱ వారి కంతగా కలుగలేదు. వ్రాత నేర్చినవారు కొలదిమంది. వ్రాసి దాచుకొన్న రహస్యములు మఱింత కొలది. నోటిలోని గుట్టు నోటితోడనే కాష్ఠమున కాలిపోయెడిది. ఏ భోషాణము నడుగుననైన నాలుగుత్తరములు మిగిలినచో, ఇంటి పెద్దలు వానిని చదివియో చదువకయో పొయ్యిలో వేసెడివారు.

ఆ కాలము గడచిపోయినది. నేడు కూలి చేసికొని బ్రతుకువానికిని, కోటికి పడగెత్తినవానికిని చేతిలో ఫోను కలదు. వా డెవరితో నేమి మాటాడెనో, ఎవరి కెంత సొమ్ము పంపెనో, ఏ రోగమునకై యే వైద్యుని వెదకెనో, నడిరేయి నిదుర పట్టక యేమి చదివెనో సమస్తము నందు నిలిచియుండును. ఫోను పగిలిపోయినను నందలి సంగతులు పగులవు. అవి దూరదేశపు కంపెనీల యంత్రశాలలలో భద్రముగా నుండును. ప్రాణము పోయినను నవి పోవు. కావున పూర్వ మింతగా బాధింపని ప్రశ్న యొకటి నేడు మన యెదుట నిలిచినది. మృతుని గుట్టు వారసులకు సంక్రమించు సొత్తా? లేక వానితోడనే నశింపవలసినదా? ఈ ప్రశ్నపై నిటీవల పెక్కుదేశముల న్యాయస్థానములు తీర్పులు చెప్పినవి. శాసనసభలు చట్టములు చేసినవి. వానివలన తేలిన దేమో, తేలక మన మనస్సాక్షికి మిగిలిన దేమో చదువరుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

ముందుగా జర్మనీదేశపు వ్యాజ్యమును చెప్పుదుము. 2012వ సంవత్సరము డిసెంబరు నెలలో బెర్లిను నగరమున పదునైదేండ్ల బాలిక యొకతె భూగర్భపు రైలుక్రింద పడి మరణించినది. కాలు జాఱి పడెనో, తానై పడెనో తల్లిదండ్రులకు తెలియలేదు. కన్నవారికి బిడ్డ పోవుట యొక దుఃఖము. ఏల పోయెనో తెలియకుండుట దానికి మించిన దుఃఖము. బిడ్డ ఫేస్‌బుక్కులో స్నేహితులతో నాడుకొన్న మాటలు చదివినచో నిజము తెలియవచ్చునని వా రాసపడిరి. ఈ కోరికకు శోక మొక్కటియే కారణము కాదు. ఆ రైలు నడపినవాడు, తన కన్నులయెదుట నిట్టి ఘోరము జరుగుటచే తన మనస్సు చెడెనని, బాలిక వారసులనుండి నష్టపరిహారము కోరుచుండెను. మరణము ప్రమాదమైనచో వారి బాధ్యత యొకరీతిగ నుండును. బుద్ధిపూర్వకమైనచో వేఱొకరీతిగ నుండును. ఆ యభియోగమునకు బదులు చెప్పుకొనుటకైనను నిజము వారికి కావలసియుండెను. తల్లియొద్ద కుమార్తె పాస్‌వర్డు కలదు. అయినను మరణవార్త చేరినపిదప కంపెనీ యా ఖాతాను స్మారకముగా మార్చి తలుపు మూసినది. తాళపుచెవి చేత నుండగనే తాళము మాఱిపోయినది.

2015లో క్రింది న్యాయస్థానము తల్లిదండ్రుల పక్షమున తీర్పు చెప్పినది. 2017లో పై న్యాయస్థానము దానిని కొట్టివేసినది. తుదకు 2018 జూలై 12వ తేదీన ఆ దేశపు సమాఖ్య న్యాయస్థానము తల్లిదండ్రులదే హక్కని నిర్ణయించినది. దాని తర్కము సులభముగనే యున్నది. కాగితముపై వ్రాసిన దినచర్యయు, ఆప్తుల యుత్తరములును వారసులకు చెందుట వెనుకటినుండి వచ్చుచున్న న్యాయము. కాగితమునకు బదులు యంత్రములో నున్నంతమాత్రమున నా న్యాయ మేల మాఱవలయును? బాలిక కంపెనీతో చేసికొన్న యొడంబడిక తక్కిన యొడంబడికలవలెనే వారసులకు సంక్రమించును. అంతటితోనైనను కథ ముగియలేదు. కంపెనీ పదునాలుగు వేల పుటలకు మించిన వ్రాతను చిన్న పరికరములోని కెక్కించి తల్లిదండ్రుల చేతిలో పెట్టి, తన బాధ్యత తీఱినదనెను. అది చాలదనియు, బిడ్డ యేరీతిగా ఖాతాలో ప్రవేశించి చూచెడిదో యారీతిగనే వారును చూడగలుగవలయుననియు 2020లో నదే న్యాయస్థానము మరల ఉత్తరువు చేసినది. బిడ్డ చనిపోయిన యెనిమిదేండ్లకు తలుపు తెఱచుకొన్నది.

అమెరికాలో నిట్టి వివాద మంతకుముందే పుట్టినది. 2004వ సంవత్సరమున ఇరాకు యుద్ధములో హతుడైన యొక యువసైనికుని తండ్రి, కుమారుని ఈమెయిలు ఉత్తరములను చూడగోరెను. యాహూ కంపెనీ తన నిబంధనలు చూపి కాదన్నది. 2005లో మిషిగన్ రాష్ట్రపు న్యాయస్థాన ముత్తరువు చేయగా వానిని తండ్రి కిచ్చినది. పిదప 2015లో అచ్చటి రాష్ట్రముల కన్నిటికి మాదిరిగా నొక చట్టము రచింపబడగా, చాల రాష్ట్రములు దానిని స్వీకరించినవి. అందలి మూలసూత్రము జర్మనీ సూత్రమునకు దూరమైనది. మృతుడు జీవించియున్నప్పు డేమి కోరెనో యదియే ప్రమాణము. అతని సమ్మతి కనబడనిచో ఉత్తరములలోని విషయము నూరక బయటపెట్టరాదు. ఫ్రాన్సుదేశమును 2016లో చేసిన చట్టముచేత, తన మరణానంతరము తన సమాచార మేమి కావలయునో ముందుగా నిర్ణయించు నధికారమును ప్రతిమనుష్యున కిచ్చినది. ఈ రీతిగా నొక దేశము వారసుని ముందు నిలిపినది. వేఱొక దేశము మృతుని ముందు నిలిపినది.

ఇక మనదేశము. 2017 ఆగస్టు 24వ తేదీన మన సుప్రీముకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి తెచ్చిన వ్యాజ్యములో, గోప్యత ప్రాణస్వేచ్ఛలతో పెనవేసికొన్న ప్రాథమికహక్కని యేకగ్రీవముగా చెప్పిరి. ఇది గొప్ప తీర్పు. కాని ప్రాణముతో పెనవేసికొన్నది ప్రాణము పోయినపిదప నుండునా? 2021లో మదరాసు హైకోర్టు, దివంగత ముఖ్యమంత్రి జయలలిత జీవితమును గూర్చిన చలనచిత్రపు వ్యాజ్యములో, గోప్యతాహక్కు వారసత్వముగా సంక్రమింపదని చెప్పినది. 2023లో ఢిల్లీ హైకోర్టును, మృతుడైన యొక నటుని తండ్రి తెచ్చిన వ్యాజ్యములో, ఆ హక్కు మనుష్యునితోడనే యంతరించునని నిర్ణయించినది. అదే సంవత్సరమున పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. అందలి పదునాలుగవ నిబంధనచేత ప్రతివ్యక్తియు, తాను మరణించినను మతి తప్పినను తన హక్కులను నడపుట కొక మనుష్యుని నియమింపవచ్చును. 2025 నవంబరులో నియమములు వెలువడినవి. ఈ నిబంధన మున్నగు ముఖ్యభాగములు ఆచరణలోనికి వచ్చుటకు పదునెనిమిది నెలల గడువు పెట్టబడినది. నియుక్తుని కిచ్చటను సమస్తము తెఱచి చూచు తాళపుచెవి దొరకదు. సమాచారపు సారాంశము తెలిసికొనుట, తప్పులు దిద్దించుట, తుడిపివేయించుట, ఫిర్యాదు చేయుట, ఇంతవఱకే యతని యధికారము.

ఈ తీర్పులను చట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు మాకొక సంగతి తోచుచున్నది. గుట్టును ఆస్తిగా భావించినవారును, గుట్టు ప్రాణముతో పోవునన్నవారును సత్యములో సగమే చూచిరి.

ఆస్తి యనువాదమును ముందు పరీక్షింతము. నాలుగెకరముల భూమిని నలుగురు వారసులు పంచుకొన్నచో తల కొక యెకరము వచ్చును. ఒక రహస్యమును నలుగురు పంచుకొన్నచో తల కొక రహస్యము వచ్చును. పంచిన కొలది భూమి తగ్గును, గుట్టు పెరుగును. మఱియు భూమి మృతు నొక్కనిదే. ఉత్తర మొక్కనిది కాదు. దాని కావలితట్టున మఱియొక మనుష్యుడు కలడు. ఆ మనుష్యుడు బ్రతికియున్నాడు. స్నేహితుని నమ్మి తన రోగమును, తన యవమానమును, తన కాపురములోని కలతను వ్రాసికొన్నాడు. స్నేహితుడు చనిపోయినంతమాత్రమున నాతని కొడుకునకు దానిని చదువు హక్కెట్లు వచ్చినది? బెర్లిను బాలికకు వ్రాసినవారును పసివారే. తమ మాటలు ఆమె తల్లిదండ్రులు చదువుదురని తలచి వ్రాసినవారు కారు. న్యాయస్థాన మీ యాక్షేపమును విన్నది. పంపినవాడు ఖాతాకు పంపినాడు గాని యొక్క మనుష్యుని కంటికి మాత్రమే పంపినాడని చెప్పరాదని సమాధానపడినది. చట్టమున కది చాలునేమో గాని మనస్సునకు చాలదు. మన మెవ్వరమును ఖాతాకు మనస్సు విప్పము, మనుష్యునకు విప్పుదుము.

ఇక గుట్టు ప్రాణముతోడనే పోవునను వాదము. ఇదియు పూర్తిగా నిలువదు. గౌరవము ప్రాణముతో పోవుననుటకు మన నేరశాస్త్రమే యొప్పుకొనదు. మృతుని గూర్చి పలికిన నింద, అతడు బ్రతికియున్నచో నతని కీర్తికి హాని కలిగించునదై, అతని బంధువుల మనస్సు నొప్పించు నుద్దేశముతో పలికినదైనచో, పరువునష్టపు నేరము కావచ్చునని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. 2023లో దాని స్థానమున వచ్చిన న్యాయసంహితయు నదే చెప్పుచున్నది. చచ్చినవాని కండ్లు చేరెడని మనవారు నవ్వులకు చెప్పుకొందురు. కాని యా నవ్వులోనే, పోయినవానిని గూర్చి కొంచెము హెచ్చుగనే మంచి పలుకవలయునను మర్యాద దాగియున్నది.

అప్పుల చరిత్రనుండి మన మిచ్చట నొక పాఠము నేర్వవచ్చును. తండ్రియప్పు తీర్చుట కొడుకునకు ధర్మమని పూర్వస్మృతులు విధించెను. కాని జూదమునకు, త్రాగుడునకు, వ్యభిచారమునకు చేసిన యప్పు కొడుకు నంటదనియు చెప్పెను. వ్యవహారమునకు తగని ఋణమని దానిని వేఱుపఱిచిరి. దీని ఫలమేమనగా, అప్పు తప్పించుకొనగోరు కొడుకు కోర్టులో నిలుచుండి తన తండ్రి దుర్వ్యసనములను తానే చాటవలసివచ్చెడిది. ధనమునకై తండ్రి గుట్టును బజారున వేయు నవస్థ యది. 2005లో హిందూ వారసత్వచట్టమును సవరించి, కేవలము కొడుకగుటచేతనే తండ్రియప్పు తీర్పవలెనను పాతధర్మమును క్రొత్తయప్పుల విషయమున తొలగించిరి. అప్పుడే ఆడబిడ్డలకు పిత్రార్జితమున జన్మహక్కును దేశమంతటను ఇచ్చిరి. మన ఆంధ్రదేశమున నీ హక్కు 1985లోనే చట్టమైనది. తండ్రియప్పు కొడుకు మెడనుండి దిగినది. అదే తరమున తండ్రి గుట్టు కొడుకు చేతికి వచ్చుచున్నది. మొదటిదానికి సరిహద్దు లేర్పడుటకు వేయేండ్లు పట్టినది. రెండవదాని కింకను సరిహద్దులే లేవు.

ఇచ్చట నొకరు మమ్ము నడుగవచ్చును: "అయ్యా, ఇదంతయు వింటిమి. మా నాయనగారి భీమాపత్ర మెక్కడ నున్నదో, బ్యాంకులో సొమ్మెంత యున్నదో, ఎవరికి బాకీపడిరో, ఆ సంగతులన్నియు ఫోనులోనే యున్నవి. తెఱవక యెట్లు తెలియును?" ఈ ప్రశ్న న్యాయమైనది. భర్తపోయిన స్త్రీ నాలుగంకెల సంకేతము తెలియక, తనకు రావలసిన సొమ్ముకై కార్యాలయముల చుట్టును తిరుగుట ధర్మమని యేనీతిశాస్త్రమును చెప్పదు. బెర్లిను తల్లిదండ్రులవలె నభియోగమునకు బదులు చెప్పుకొనవలసినవారికి సాక్ష్యము దొరకకుండ చేయుటయు ధర్మము కాదు. కావున మూసియే యుంచవలెననుట మా మతము కాదు. అక్కఱకు తెఱచుట వేఱు, అక్కఱ తీఱినపిదపను చదువుచు కూర్చుండుట వేఱు. ఈ రెంటి నడుమ గీత యెచ్చట గీయవలెననునదియే ప్రశ్న.

ఒక కుటుంబము నూహింతము. ఉపాధ్యాయుడుగా నుండి విశ్రాంతి పొందిన యొక పెద్దమనిషి కాలధర్మము నొందెను. పెద్దకొడుకు భీమాసంగతులకై తండ్రి ఫోను తెఱచెను. సంగతులు దొరకినవి. అంతటితో నాతడు నిలువలేదు. తండ్రి పదునాలుగేండ్లుగా నెల కైదువేల రూపాయలొక స్త్రీకి పంపుచుండెనని కనుగొనెను. ఆమె యెవరు? తెలియదు. ఏల పంపెను? తెలియదు. సాయంకాలమునకు తమ్మునకు తెలిసెను, రాత్రికి కోడండ్రకు తెలిసెను, పెద్దకర్మనాటికి బంధువు లందఱకును తెలిసెను. తల్లి గదిలోనుండి వెలికి వచ్చుట మానివేసెను. ఆ స్త్రీ చనిపోయిన స్నేహితుని భార్య కావచ్చును. తీర్పలేని పాతయప్పునకు వడ్డీ కావచ్చును. వారనుకొన్నదే కావచ్చును. ఏదియైనను చెప్పుట కాయన లేడు. బ్రతికినవాని రహస్యము బయటపడినచో వాడు సంజాయిషీ చెప్పుకొనవచ్చును, క్షమాపణ వేడవచ్చును, తుద కబద్ధమైన నాడవచ్చును. మృతున కీ మూడును లేవు. ప్రతివాది లేని కోర్టులో తీర్పు చెప్పుట యెట్టిదో, మృతుని ఫోను చదువుట యట్టిది. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెతలో గుట్టు బయటపెట్టినవాడు తమ్ముడే గాని పరాయివాడు కాడని మఱువరాదు.

ఇంతవఱకును గుట్టును కాపాడవలెననియే చెప్పుచువచ్చితిమి. ఇప్పుడు రెండవవైపును చూపకున్నచో మేము మోసము చేసినవార మగుదుము. మన యిండ్లలో గుట్టను మాట క్రింద మంచియు దాగినది, మహాపాతకములును దాగినవి. ఇల్లు గుట్టుగా నుండవలెనని చెప్పి కోడలి నోరు నొక్కినవారు, గుట్టుగా నుండవలెనని చెప్పి వితంతువు కన్నీటిని గోడలలోపల బంధించినవారు, మనకు పూర్వులు కారా? కావున గోప్యతను పూజించుటకు ముందు, అది యెవరి గోప్యత, ఎవరినుండి గోప్యత యని యడుగవలెను. పెక్కు గృహములలో మగవాని ఫోను మగవానిది; ఆడుదాని ఫోను అందఱిది. భర్త యడిగినచో భార్య చూపవలెను, అన్న యడిగినచో చెల్లెలు చూపవలెను. జీవించియుండగా గోప్యత యెఱుగని స్త్రీ చనిపోయినపిదప నామె రహస్యమునకు వారసు డెవడు?

ఈ ప్రశ్నకు చట్టము చెప్పు జవాబు వినుడు. జర్మనీ తీర్పును మనదేశమునకు యథాతథముగా తెచ్చితి మనుకొందము. 1956 నాటి హిందూ వారసత్వచట్టపు పదునైదవ నిబంధన ననుసరించి, వీలునామా వ్రాయక మరణించిన స్త్రీ స్వార్జితము మొదట బిడ్డలకును భర్తకును, వారు లేనిచో భర్త వారసులకును పోవును. ఆ తరువాతనే ఆమెను కన్నవారి వంతు. పెండ్లియై రెండేండ్లు నిండని యొక పడుచు అత్తవారింట అనుమానాస్పదముగా మరణించినదనుకొందము. రాత్రులయం దామె తల్లితో చెప్పుకొన్న మాటలు, స్నేహితురాలికి పంపిన దెబ్బల చిత్రములు, ఆమె ఖాతాలో నున్నవి. ఆ ఖాతా యాస్తియే యైనచో దానికి మొదటి వారసు డెవడు? ఆమె భర్త! కట్నమునకై పీడించినవాడే కట్నపు సాక్ష్యమునకు హక్కుదారుడగును. తుడిపివేయుటకును నతడే యధికారి యగును. హంతకుడు హతుని యాస్తికి వారసుడు కారాదని యదే చట్టపు ఇరువదియైదవ నిబంధన చెప్పుచున్నది నిజమే. కాని హంతకుడని తేలుటకు సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యమే వాని చేతిలో నుండును గదా!

ఆస్తివిషయమున మన శాసనకర్తలీ యపాయమును పూర్వమే కొంత గుర్తించిరి. 1961 నాటి వరకట్న నిషేధచట్టమును 1986లో సవరించి, పెండ్లియైన యేడేండ్లలోపల స్త్రీ యసహజముగా మరణించినచో, ఆమెకు చెందవలసిన కట్నపుసొత్తు ఆమె బిడ్డలకును, బిడ్డలు లేనిచో తల్లిదండ్రులకును చేరవలెనని విధించిరి, భర్తను విడిచిపెట్టిరి. బంగారమును కాపాడిన యీ బుద్ధి యామె మాటలను కాపాడుటకును రావలెను. ఎవనిపై ననుమానము కలదో వానిచేతికి తాళపుచెవి పోరాదు. న్యాయస్థానపు చేతికే పోవలెను. ఇట్టిచోట గుట్టును విప్పుటయే మృతురాలిపట్ల ధర్మము.

అట్లయినచో నొకయింట తెఱవరాదనియు, వేఱొకయింట తెఱచి తీఱవలెననియు చెప్పుటలో విరోధము లేదా? లేదు. రెండుచోటులను మేము పట్టుకొన్న సూత్ర మొక్కటియే. మృతుని గుట్టు మనవారి చేతిలో పెట్టిన యిల్లడ వంటిది. ఇల్లడ సొమ్ము దాచినవానిది కాదు. పెట్టిపోయినవాని మేలునకును, అతని ఋణములు తీర్చుటకును మాత్రమే దానిని ముట్టవలెను. ఉపాధ్యాయుని భీమాపత్రము చూచుట యాయన విధి నెఱవేర్చుట. అటుపైని చదువుట యిల్లడను కాజేయుట. అత్తవారింట చనిపోయిన పడుచు మాటలను వినుట, ఆమె చెప్పదలచి చెప్పలేకపోయినదానిని చెప్పించుట.

ఈ భావము మన న్యాయమునకు క్రొత్త కాదు. జీవితభీమాలో నామినీగా వ్రాయబడినవాడు సొమ్ము పుచ్చుకొనుటకే యధికారి గాని దాని ననుభవించు యజమాని కాడనియు, అది వారసులందఱికిని చెందవలసినదనియు సుప్రీముకోర్టు 1983లో సర్బతీదేవి వ్యాజ్యమునందు చెప్పినది. కంపెనీ వాటాలవిషయమున నట్లే 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ వ్యాజ్యమునందు చెప్పినది. పుచ్చుకొను చేయి వేఱు, అనుభవించు చేయి వేఱు. 2023 నాటి చట్టము క్రింద నియమింపబడు మనుష్యుడును తన్నిట్లే భావించుకొనవలెను. అతడు కావలివాడు. జీవించియున్నవాడు ముందుగా చెప్పినమాట యతనికి మొదటి యాజ్ఞ. చెప్పనిచోట, తీర్పవలసిన పనికి చాలినంతమాత్రమే చూచుట రెండవది. ఇతరులు నమ్మి వ్రాసిన యుత్తరములను, న్యాయస్థాన మడిగిననే తప్ప, చదువకుండుట మూడవది. పని ముగిసినపిదప తక్కినదానిని తుడిపివేయుట నాలుగవది; పూర్వ మింటి పెద్దలు పొయ్యిలో వేసిన యుత్తరముల కిదియే సమానము.

ఇట్లు చేయకున్నచో శిక్ష యేమని యడుగుదురేమో. ఇచ్చట చట్టపు సరిహద్దు మనకు స్పష్టముగా కనబడును. సమాచారమును భద్రపఱుచుటకు తగిన జాగ్రత్త తీసికొనని కంపెనీకి ఇన్నూటయేబది కోట్ల రూపాయలవఱకు జరిమానా వేయుటకు 2023 నాటి చట్ట మవకాశ మిచ్చినది. ఆ ధనము భారత సంచితనిధికి పోవును, నష్టపడినవానికి పోదు. పైపెచ్చు, నష్టపడినవానికి పరిహార మిప్పించుటకు పూర్వము సమాచార సాంకేతిక చట్టములో నుండిన నలుబదిమూడు-ఏ నిబంధనను తొలగించుట కీ చట్టమే యేర్పాటు చేసినది. ఇది లోపమనియే మా యభిప్రాయము. గుట్టు పోయినవాడొకడు, జరిమానా పుచ్చుకొనునది వేఱొకటి యగుట న్యాయముగా లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. వ్యక్తి తన సొంతపనులకును ఇంటిపనులకును వాడుకొను సమాచారమున కీ చట్టము వర్తింపనే వర్తింపదు. దూరదేశపు కంపెనీ మీ తండ్రి యుత్తరమును బయటపెట్టినచో నడుగుటకు బోర్డు కలదు. మీ యన్నయే దానిని బంధువుల గుంపులో చదివి వినిపించినచో నీ చట్టము పలుకదు. అది గడపదగ్గఱకు వచ్చి నిలిచిపోవుచున్నది. ఒకవిధముగా నది నిలిచిపోవుటయే మంచిది. ప్రతియింటిలోను పోలీసువానిని కూర్చుండబెట్టిన లోకమున గోప్యత యింకెక్కడిది? కాని గడపలోపల చట్టము లేనంతమాత్రమున ధర్మమును లేదనుకొనుటయే మన దోషము.

కావున మేము చదువరులను రెండు పనులు చేయ వేడుచున్నాము. మొదటిది బ్రతికియున్నవారు చేయవలసినది. మన యింటివారికి భూమి యెంత కలదో చెప్పుదుము, బంగార మెక్కడ నున్నదో చెప్పుదుము; మన ఫోనులోని దేమి చేయవలయునో చెప్పము. మరణమునుగూర్చి మాటాడుట యమంగళమని జంకుదుము. ఒక కాగితముపై, ఏ సంగతు లెవరు చూడవచ్చునో, ఏవి చూడకయే తుడిపివేయవలయునో వ్రాసి, నమ్మదగినవారి చేతికిచ్చుట పావుగంటపని. భర్త భార్యకును, భార్య భర్తకును మాత్రమే గాక, కావలసినచో స్నేహితునకో స్నేహితురాలికో యా పని యప్పగింపవచ్చును. చట్ట మే మనుష్యునినైనను నియమింపవచ్చుననుచున్నది గాని చుట్టమే కావలెననుట లేదు. ముఖ్యముగా స్త్రీలీ హక్కును తెలిసికొనవలెను.

రెండవది వెనుక మిగిలినవారు చేయవలసినది. పోయినవారి ఫోను మన చేతికి వచ్చు దినము మనలో చాలమందికి వచ్చియే తీఱును. ఆనా డింటిలో నేడ్పు లింకను సద్దుమణిగియుండవు. తెర వెలుగును. మనకు కావలసిన బ్యాంకుకాగిత మొక్కచోట నుండును. దాని ప్రక్కనే, మనము పుట్టకమునుపటి స్నేహితు డెవడో వ్రాసిన యుత్తర ముండును. ఆయన మంచముమీద కూర్చుండి చూచుచున్నప్పుడు మనమా యుత్తరమును తెఱచియుందుమా? తెఱవనివారమైనచో, ఆయన లేనప్పుడును తెఱవకుందుము గాక. బ్యాంకుకాగితమును తీసికొని ఫోను నాయన భార్య చేతి కిచ్చి, "అమ్మా, పని యైనది, తక్కినది నీ యిష్టము" అని చెప్పుదుము గాక. ఆమెయు దానిని చదువక తుడిపివేయుమని చెప్పినచో, ఆ యింటివారు తమ పెద్దను రెండవమాఱు, మొదటిమాఱుకంటె గౌరవముగా సాగనంపినవా రగుదురు.